మామూ కాంపాక్టు కారు

చావు కబురు చెప్పేవాళ్ళూ వినేవాళ్ళూ కలిసి పగలబడి నవ్వడం మంచి పద్ధతి కాదని నాకూ తెలుసు. కానీ మొన్న కడప నుంచి మామూ కూతురు ఫోన్ చేసినప్పుడు జరిగింది అదే.

"అంకుల్, అబ్బా పోయినాడు" అని ఏడ్చింది. ఆఖరి రోజుల్లో ఎట్లా ఉన్నాడమ్మా అని అడిగాను.

"మనుషుల్ని గుర్తుపట్టేది తగ్గిపోయింది అంకుల్. ఆస్పత్రికి పోదామని ఆటో పిలిస్తిమి. ఆటో ఆయన బండి వెనక్కి తిప్పతాంటే మాత్రం లేచి కూచున్నాడు. 'వద్దప్పా, వద్దు, ముందుకే పోనీ, యాడో ఒక తావ తిరుక్కుందాం' అని ఒకటే అరుపు."

ఆ మాట అంటూనే ఆమెకు నవ్వు వచ్చేసింది. నాకూ వచ్చింది. ఇద్దరం ఆపుకోలేకపోయాం. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "ఎవలు? ఏమైంది?" అంది. "మామూ చనిపోయిండు" అని నవ్వుతూనే చెప్పాను. ఆమె నన్ను చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు.

పాస్‌పోర్టులో ఆయనకు ఏదో ఒక పేరు ఉండే ఉంటుంది. ఒమన్‌లో ఆయన్ని ఆ పేరుతో పిలిచినవాళ్ళు నాకు తెలిసి లేరు. తెలుగువాళ్ళూ, మలయాళీలూ, పాకిస్తానీలూ, ఆఖరికి మా ఇంగ్లీషు మేనేజరూ, అందరికీ ఆయన మామూనే. డెబ్బైలలో రూవీలో రోడ్లు వేసే ఒక కంపెనీలో ఆయన స్టోర్‌కీపరు, నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని. నాది జగిత్యాల పక్క. ఆయనది కడప. ఇంట్లో దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు. నన్ను మొదటి రోజే "అల్లుడా" అన్నాడు. నేను మామూ అన్నాక ఆయన మరేమంటాడు!

మనిషి పొట్టి, గుండ్రం. చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు. స్టోరులో ఉన్న ప్రతి వస్తువు మీదా ఆయనకు జాలి. ఎవరైనా వచ్చి పార ఇమ్మంటే చాలు, "దేనికప్పా?" అనేవాడు.

"తవ్వడానికి మామూ."

"యాడ తవ్వుతావు? మన్నా, రాయా?"

"రాయే."

"అయ్యో, దాని మూతి అరిగిపోతాది గదప్పా" అని పార తలను ఒకసారి నిమిరి, మెట్టినింటికి పంపుతున్నట్టు ఇచ్చేవాడు. సాయంత్రం తిరిగొచ్చిన పారలను కడిగించి, తుడిపించి, గోడకు ఆనించి పెట్టాకే స్టోరు తాళం.

అలాంటి మనిషి చేతికి ఒక కారు వచ్చింది.

మా కంపెనీలో ఒక అమెరికన్ ఇంజనీరు ఉండేవాడు. ఓడలో తన కారును వెంట తెచ్చుకున్నాడు. కాంట్రాక్టు అయిపోయి తిరిగి వెళ్ళేటప్పుడు దాన్ని ఎవరికైనా అంటగట్టి పోదామని చూశాడు. కొనేవాడు దొరకలేదు. మామూ వెళ్ళి కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. "పెద్దది గదా సార్" అన్నాడట. అమెరికన్ నవ్వి, "పెద్దదా? మా దేశంలో ఇది చిన్న కారు. కాంపాక్టు" అన్నాడట. ఆ మాట మామూ మనసులో పడిపోయింది. ఆ రోజు నుంచి దాన్ని ఎవరైనా కారు అంటే ఒప్పుకునేవాడు కాదు. "కారు కాదప్పా, కాంపాక్టు" అనేవాడు. కాంపాక్టు అంటే ఏంటి మామూ అని అడిగితే, కొంచెం ఆలోచించి, "అన్నీ దాంట్లోనే అమరిండేది" అనేవాడు.

దాన్ని చిన్న కారు అన్న దేశంలో పెద్ద కార్లు ఎట్లా ఉంటాయో అని మేము చాలా రోజులు చర్చించుకున్నాం. ఆవపిండి రంగు. పక్కల పొడుగునా కొయ్యలాగా కనిపించే కాగితం పట్టీ. తలుపులు రెండే, కానీ ఒక్కోటి మా రూమ్ తలుపంత. మత్రా సందుల్లో ఎక్కడైనా ఆపి తలుపు తీస్తే అవతలి గోడకు తగిలేది. ఆ ముక్కూ, ఆ వెడల్పాటి నవ్వులాంటి జాలీ చూస్తే ఎవరో దూరపు చుట్టం మనల్ని గుర్తుపట్టి ఎదురొస్తున్నట్టు ఉండేది. స్టార్ట్ చేస్తే గొంతు సవరించుకుని, ఆలోచించి, సరేలే అన్నట్టు గురగురమనేది. ఇప్పుడు ఎన్నో కార్లు ఎక్కాను. అట్లా ఒప్పుకున్నట్టు స్టార్ట్ అయ్యే కారు మళ్ళీ చూడలేదు.

ఏసీ లేదు. అది మంచు కురిసే ఊరి బండి. అందుకని హీటరు మాత్రం దివ్యంగా పనిచేసేది. ఎంత దివ్యంగానంటే, ఆ గుండీని ఎంత తిప్పినా పూర్తిగా ఆగేది కాదు. జూన్ నెలలో, రోడ్డు మీద తారు మెత్తబడే ఎండలో, మా కాళ్ళ మీదికి వెచ్చటి గాలి వచ్చేది.

"మామూ, కాళ్ళు ఉడుకుతున్నయే" అనేవాణ్ని.

"అమెరికాలో ఈ గాలి కోసం జనం అల్లాడతారంట అల్లుడా. మనకు ఊరికే వస్తాంది" అనేవాడు, పాదాలు సీటు మీదికి మడుచుకుంటూ.

వెనక ఉన్న పేరులో వెండి రంగు అక్షరాలు ఎండకు జిగురు కరిగి ఊడిపోసాగాయి. మామూ వాటిని ఏరి డబ్బాలో దాచి, ఒక శుక్రవారం తీరిగ్గా కూర్చుని అంటించాడు. ఒక అక్షరం ఎక్కడో పోయింది. ఆ ఖాళీ కనబడితే బండికి పన్ను ఊడినట్టు ఉంటుందని, మిగిలిన వాటిని అటూ ఇటూ జరిపి సమంగా సర్దేశాడు. దాంతో ప్రపంచంలో ఎక్కడా లేని పేరొకటి తయారయింది. పాకిస్తానీ మెకానిక్ ఒకడు దాన్ని కూడబలుక్కుని చదివి, "ఇది కొత్త మోడలా మామూ? దీని సామాన్లు నా దగ్గర దొరకవు" అని బానెట్ కూడా ఎత్తకుండా పంపేశాడు.

ఇంత ప్రేమించిన బండిని మామూ నడిపేవాడు కాదు. నడపలేక కాదు, లైసెన్సు లేక. ముందుకు చక్కగా నడిపేవాడు, కంపెనీ యార్డులో ఎన్నోసార్లు చూశాను. చిక్కంతా వెనక్కి పోవడంలో. లైసెన్సు పరీక్షలో డ్రమ్ముల మధ్య నుంచి బండిని వెనక్కి తేవాలి. ఏ డ్రమ్మూ కదలకూడదు. మామూ ప్రతిసారీ ఏదో ఒకదాన్ని పడగొట్టేవాడు. పరీక్ష పెట్టే పోలీసు అధికారి బలూచీ ఆయన, ఉర్దూ బాగా మాట్లాడేవాడు. డ్రమ్ము దొర్లిన చప్పుడు కాగానే చేతిలో కర్ర పైకెత్తి, "ఖలాస్, మామూ! డ్రమ్ము చనిపోయింది. వచ్చే నెల రా!" అని కేకేసేవాడు. మామూ దిగి, డ్రమ్మును కాదు, బంపరును తడిమి చూసుకుని వచ్చేవాడు.

"మామూ, డ్రమ్ముల నడుమ జాగ చిన్న బండ్ల లెక్కన ఉన్నది. నా దోస్తుకు జపాన్ బండి ఉన్నది, అడిగి తెస్తా. దాంట్ల ఇయ్యి పరీక్ష" అన్నాను ఒకసారి.

ఆయన నిజంగా నొచ్చుకున్నాడు. "నా బండి వాకిట్లో ఉండంగా ఇంకోడి బండిలో పాసయితే అది పాసా అల్లుడా? దీని మొగం ఎట్ల సూడల్ల నేను?"

అందుకని బండి ఆయనది, నడిపేది నేను. నాకు అప్పటికే లైసెన్సు ఉంది. శుక్రవారం నమాజు అయ్యాక నా రూమ్ ముందు నిలబడి పిలిచేవాడు. మత్రాలో చేపలకు, దార్సైట్‌లో తెలిసినవాళ్ళ ఇంటికి, ఊరికే సముద్రం దాకా వెళ్ళేవాళ్ళం. పక్క సీట్లో కూర్చుని నా కాళ్ళనూ చేతులనూ చూస్తూ, ఆపకుండా చెబుతూ ఉండేవాడు. "మెల్లగా... గుంత... గుంత ఉండాది... దాని నడుము సూసుకో... ఆ మేకకు దావ ఇయ్యి..." వెనక్కి తిప్పే పని మాత్రం నన్నూ చేయనిచ్చేవాడు కాదు. మా రూమ్‌కు ఎదురుగానే హోటలు, కానీ బండి అవతలివైపు తిరిగి ఉంటే రూవీ అంతా చుట్టి రావాల్సిందే. ఒకసారి తప్పుదారిలో సగం ఒక లోయలోకి దిగిపోయాం. "వెనక్కి తీస్త మామూ" అంటే, "వద్దప్పా, ముందుకే పోనీ, యాడో ఒక తావ తిరుక్కోవచ్చు" అన్నాడు. ఖర్జూరపు తోటల్లోంచి, ఎవరిదో పెరట్లోంచి, ఆరేసిన బట్టల కింద నుంచి వెళ్ళాం. ఆ ఇంటి ముసలాయన మమ్మల్ని ఆపి, కాఫీ ఇచ్చి, ఇంకో గేటు తీసి పంపించాడు.

ఇలా సాగుతుండగా కంపెనీ ఆయనకు దార్సైట్‌లో ఒక ఫ్లాటు ఇచ్చింది. కడప నుంచి ఆయన భార్య, మా మామీ, వస్తోంది.

సీబ్ ఎయిర్‌పోర్టుకు బయల్దేరాం. బండిని పొద్దుటినుంచి తుడిచి అద్దంలా చేశాడు. కొత్త చొక్కా, అత్తరు. సగం దారిలో గొంతు సవరించుకున్నాడు.

"అల్లుడా, ఒక మాట. పోయినసారి లీవుకు పోయినప్పుడు, కారు నేనే నడుపుతానని మీ అత్తకు చెప్పినా."

"అయితే?"

"ఒక్క మీ అత్తకే కాదు, వీధి వీధంతా చెప్పినా."

"అయితే ఏంది మామూ?"

"ఇప్పుడు నువ్వు నడుపుతాండావు గదా. నువ్వేల నడపడంల్యావని అడుగుతాది."

"అడుగుతది."

"అందుకని డ్రైవర్ను పెట్టుకున్నానని చెప్తా." నా వైపు చూడకుండా కిటికీ అద్దం తుడిచాడు. "రెండు దినాలే అల్లుడా. ఈసారి పాసయితా గదా."

మామీ ఎయిర్‌పోర్టులోంచి బయటికి వచ్చింది. పొడవైన మనిషి, మామూ కన్నా బెత్తెడు ఎక్కువే. బురఖా ముసుగు వెనక్కి వేసుకుని, దాని కొసతో మొహం తుడుచుకుంటూ కారును ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూసింది. "ఇంత పొడుగేల? మనం ఇద్దరమే గదా" అంది.

"కాంపాక్టు" అన్నాడు మామూ గర్వంగా.

డ్రైవరు ఉన్న యజమాని వెనక సీట్లో కూర్చోవాలి కదా. రెండు తలుపుల బండి, ముందు సీటు వంచి వెనక్కి దూరాలి. మామూ ఎన్నడూ వెనక కూర్చున్న మనిషి కాదు. సగం దూరి ఇరుక్కుపోయాడు. మామీ ఒక చేత్తో బురఖా సర్దుకుని, రెండో చేత్తో ఆయన్ని లోపలికి తోసింది. నేను స్టీరింగు పట్టుకుని ముందుకు చూస్తూ కూర్చున్నాను. డ్రైవరు నవ్వకూడదు. దారంతా వెనకనుంచి సలహాలు ఇవ్వలేక మామూ దగ్గుతూనే ఉన్నాడు. గుంత వస్తే ఒక దగ్గు, మేక వస్తే రెండు.

"జలుబు చేసినట్టుంది నీకు" అంది మామీ.

రెండు రోజులు అన్నది చాలా రోజులైంది. మామీ మంచి మనిషి. డ్రైవరును చాలా బాగా చూసుకుంది. మెట్ల మీద కూర్చోబెట్టి గ్లాసునిండా చాయ్ ఇచ్చేది. "నాయనా, కారు కడిగేటప్పుడు చక్రాల సందుల్లో గూడా రుద్దు" అని చెప్పేది. పక్కింటి పిల్లలు ఎక్కి తొక్కిన సీటు నాతోనే తుడిపించింది. ఒకనాడు నన్ను ఎగాదిగా చూసి, "పెండ్లయిందా నాయనా?" అంది.

"కాలేదు."

"డ్రైవరుకు పిల్లనిచ్చేదానికి ఆలోచిస్తారులే. బాధపడొద్దు. మా కడపలో నేను సూస్తా."

లోపలి గదిలోంచి మామూ దగ్గు వినిపించింది.

నిజం తేలిపోవడానికి పెద్ద కథేమీ జరగలేదు. మామూ ఒకరోజు క్యారియరు మర్చిపోయి డ్యూటీకి వచ్చాడు. మామీ అది పట్టుకుని దారి అడుగుతూ కంపెనీ ఆఫీసుకు వచ్చేసింది. వచ్చేసరికి నేను ఎత్తు స్టూలు మీద కూర్చుని గీతలు గీస్తున్నాను. మేనేజరు నా భుజం మీద చేయి వేసి ఏదో అడుగుతున్నాడు. మామూ చుట్టలు చుట్టిన కాగితాలు రెండు చేతుల్లో పట్టుకుని, "ఏది గావాల అల్లుడా?" అని నా ముందు నిలబడి ఉన్నాడు.

"డ్రైవరు నాయనా, నువ్వీడేం జేస్తాండావు?" అంది మామీ.

ఆఫీసంతా తలలెత్తి మా వైపు చూసింది. మేనేజరుకు తెలుగు రాదు కాబట్టి ఆయన ఒక్కడే నవ్వుతూ నమస్కారం పెట్టాడు. మామూ చేతుల్లో కాగితాలు ఒక్కొక్కటిగా జారి కింద పడ్డాయి.

ఆ సాయంత్రం నన్ను ఇంటికి పిలిపించారు. నాకు కుర్చీ వేశారు. బిర్యానీ వండింది మామీ. వడ్డిస్తూ ఒకటే బాధ. "ఇంజనీరు అబ్బాయిని మెట్ల మీద కూర్చోబెట్టినా. చక్రాలు కడిగించినా. డ్రైవరుకు పిల్లనెవరిస్తారని గూడా అంటి."

"నేను ఇంజనీర్ను గాదత్తమ్మా, గీతలు గీసేటోణ్ణి" అన్నాను.

"ఏదైతేనేమి నాయనా, డ్రైవరువి కాదు గదా." తర్వాత మామూ వైపు తిరిగింది. "నువ్వు నడపలేవు. అల్లునికి పెండ్లయితే అల్లుడూ నడపడు. మరి ఇదెందుకు మనకు? ఈసారి పరీక్ష పాసు కాకపోతే అమ్మేసేయి. బురైమిలో కొట్టు పెట్టుకున్నాయన అడగతాండాడంట గదా, పక్కింటావిడ చెప్పింది."

మామూ చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. బురైమి కొట్టు ఆయన కారు అడగడం నిజమే. ఆ బండి వెనక కోడిగుడ్ల అట్టలు పేర్చుకోవడానికి బాగుంటుందని అడిగాడు. కోడిగుడ్లు అన్న మాట దగ్గరే మామూ ఆ బేరం వదిలేశాడు.

"దాంట్లో గుడ్లు పగుల్తాయి" అన్నాడు నెమ్మదిగా. ఆ పూట ఆయన ఇంకేమీ తినలేదు.

మర్నాటి నుంచి డ్యూటీ అయ్యాక కంపెనీ యార్డులో సాధన మొదలు. రోడ్డు కంపెనీకి ఖాళీ తారు డ్రమ్ములకు కొదవా! స్టోర్‌కీపరే ఆయన. పోలీసు మైదానంలో ఎట్లా ఉంటాయో అట్లా నిలబెట్టాం. నేను బయట నిలబడి చేతులు ఊపుతూ, "రానీ మామూ, రానీ, ఎడమకు, ఎడమకూ!" అని అరిచేవాణ్ని. బండి తిన్నగా పోయి డ్రమ్మును కొట్టేది. మామీ ఒక సిమెంటు దిమ్మె మీద కూర్చుని చాయ్ తాగుతూ చూసేది. ఒకనాడు లేచి వచ్చి, ఆయన వెనక్కి తీస్తున్నప్పుడు కిటికీ దగ్గరగా నడుస్తూ లోపలికి తొంగి చూసింది.

"ఆపు!" అంది. "కండ్లు మూసుకుంటాండాడు!"

నేను పరిగెత్తుకు వెళ్ళాను. "నిజమా మామూ?"

మామూ స్టీరింగు మీద చేతులు పెట్టుకుని తల దించుకున్నాడు.

"ఏల మూసుకుంటావు? కండ్లు మూసుకుంటే డ్రమ్ము తగలదా?" అంది మామీ.

"తగుల్తాది." అన్నాడు స్టీరింగు నిమురుతూ. "తగిలేది నేను సూడలేను."

మామీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుకో మరి దేనికో నాకు ఇప్పటికీ తెలియదు.

కళ్ళు తెరిపించడానికి చాలా చేశాం. వేళ్ళతో రెప్పలు పట్టుకో అంటే స్టీరింగు ఎవరు పట్టుకోవాలి? డ్రమ్ములకు గుడ్డలు చుట్టాం, బండికి నొప్పి తగలదని. బంపరుకు పాత దిండు కట్టాం. ఏం చేసినా రివర్స్ గేరు పడగానే రెప్పలు వాటంతట అవే వాలిపోయేవి. ఆ నెల పరీక్షలో బలూచీ అధికారి కర్ర పైకెత్తాడు. "ఖలాస్, మామూ!"

ఆ సాయంత్రం యార్డులో మామూ బండి చుట్టూ తిరుగుతూ నీళ్ళు పోసి కడుగుతున్నాడు. బురైమి ఆయన వచ్చే వారం వస్తానన్నాడు. మామీ చాయ్ గ్లాసు కింద పెట్టి, "జరుగు, నన్ను కూచోనీ" అంది.

"నువ్వా?"

"నేనే. ఈ దేశంలో ఆడోళ్ళు నడుపుతాండారు గదా, సూసినా. ఎట్ల తిప్పల్ల నాయనా?" అని నన్ను అడిగింది.

పక్కన కూర్చుని చెప్పాను. మొదటి రోజు ఆమె దాదాపు అన్ని డ్రమ్ములనూ పడగొట్టింది. ఒక్కో డ్రమ్ము దొర్లినప్పుడల్లా స్టోరు గుమ్మంలోంచి మామూ "యా అల్లా" అనేవాడు. "ఇనుమే గదా, ఏడుస్తాదా?" అని ఆమె లోపలినుంచి అరిచేది. రెండో రోజు ఆయన్ని స్టోరు లోపల పెట్టి గడియ వేశాం. ఇనుప రేకుల గదిలో చప్పుళ్ళు ఇంకా పెద్దగా వినిపిస్తాయని ఆ తర్వాత తెలిసింది. సిమెంటు మూటల మధ్య రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని కూర్చున్నాడట. కానీ మామీ వెనక్కి చూస్తూ వెనక్కి వచ్చేది. అంతే తేడా. వారం తిరిగేసరికి పొడవాటి ఆ ఆవపిండి బండి డ్రమ్ముల మధ్య నుంచి పాములా వెనక్కి రావడం మొదలుపెట్టింది.

బురైమి ఆయన వచ్చాడు. గుడ్లతో నిండిన నాలుగు అట్టలు వెంట తెచ్చి, బండి వెనక పెట్టి పడతాయో లేదో చూసుకున్నాడు. మామూ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"అమ్మేదానికి లేదన్నా" అంది మామీ. "నేను నేర్చుకుంటాండా."

మామూ గోడ వైపు నుంచి ఇటు తిరిగిన తీరు చూడాలి. ఆ సంతోషంలో బురైమి ఆయన తెచ్చిన గుడ్లన్నీ తనే కొనేశాడు. చాలా రోజులు దార్సైట్‌లో నేను వాళ్ళింటికి ఎప్పుడు వెళ్ళినా గుడ్డు కూరే.

మామీ పరీక్షకు వెళ్ళిన పొద్దున మామూ లోపలికి రాలేదు. కంచె అవతల, మైదానానికి వీపు పెట్టి నిలబడ్డాడు. నేను చూస్తూ ఆయనకు చెప్పాను. "మొదటి డ్రమ్ము దాటింది. రెండోది దాటింది. మెల్లగ వస్తున్నది. ఆగింది. మామూ, ఆగింది!"

"చప్పుడు రాలేదే?" అన్నాడు ఆయన, నమ్మకుండా.

బలూచీ అధికారి కర్ర ఎత్తలేదు. బండి ముందు నుంచి వెనక దాకా నడిచి చూశాడు, డ్రమ్ములను ఒక్కొక్కటిగా చూశాడు. "ఇదే బండి కదా?" అన్నాడు. "ఇన్నాళ్ళూ బండిది తప్పనుకున్నాను."

మామూ కంచె దాటి పరిగెత్తుకొచ్చాడు. తెల్లవారగానే కొనుక్కుని చంకలో పెట్టుకున్న ఒమానీ హల్వా గిన్నె తీసి అధికారికి, కానిస్టేబుళ్ళకు, పరీక్షకు వచ్చినవాళ్ళకు పంచాడు. అధికారి హల్వా నోట్లో వేసుకుని, "ముబారక్ మామూ, కానీ పాసైంది నువ్వు కాదు" అన్నాడు.

"నేను కాదు సార్. నా బండి పాసైంది, నా బీబీ పాసైంది. ఇంకేం గావాల?" అన్నాడు మామూ.

ఆ శుక్రవారం ఇబ్రా బయల్దేరాం. మామీ దూరపు చుట్టం ఒకాయన అక్కడ టైలరు. నేను వెనక సీట్లో, మామూ ముందు, స్టీరింగు దగ్గర మామీ. ఊరు దాటేదాకా మామూ అలవాటు కొద్దీ ఆమె కాళ్ళ వైపు చూశాడు. "గుంత" అన్నాడు.

"సూసినా" అంది ఆమె.

"మేక."

"అది నన్ను సూసింది, నేను దాన్ని సూసినా."

ఆ తర్వాత కొండల మధ్య దారి. రెండు వైపులా ఎర్రటి, నల్లటి రాళ్ళు. కిటికీల్లోంచి గాలి, కాళ్ళ మీద హీటరు. చాలాసేపు ముందు సీట్లోంచి మాట రాలేదు. అలిగాడేమోనని వంగి చూశాను.

మామూ నిద్రపోతున్నాడు. తల తలుపుకు ఆనించి, నోరు తెరిచి, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని. ఆ బండిలో ఇన్నేళ్ళలో ఆయన కునుకు తీయగా నేను ఒక్కసారీ చూడలేదు. చెవి మీద పెన్సిలు జారి చొక్కా మీద పడి ఉంది.

మామీ అద్దంలోంచి నన్ను చూసి, పెదవుల మీద వేలు పెట్టింది. వేగం తగ్గించింది. గుంతలు వచ్చినప్పుడు బండిని దాదాపు ఎత్తి అవతల పెట్టినట్టు దాటించింది.

ఇబ్రా వచ్చింది. టైలరు దుకాణం ముందు ఆయన చేతులు చాచి నిలబడి ఉన్నాడు. మామీ కాలు బ్రేకు మీదికి పోయింది. మామూ వైపు ఒకసారి చూసింది. మళ్ళీ తీసేసింది.

"ఆపితే లేస్తాడు నాయనా" అంది మెల్లగా. "ఇంకొంచెం దూరం పోయొద్దాం."

దుకాణం దాటి, ఇబ్రా దాటి ముందుకు పోనిచ్చింది. నేను వెనక అద్దంలోంచి చూశాను. మెడలో టేపు ఊగుతూ టైలరు నడిరోడ్డు మీదికి వచ్చి, "ఇదే, ఇదే! ఈడే!" అని అరుస్తూ మా వెనక పరుగెత్తుతున్నాడు.